తాకితే చాలదు

గున్నమ్మ చేతికున్న తోలు మిట్టు రన్నరు మోకాలికి తగిలిన చప్పుడు నూకరత్నానికి స్పష్టంగానే వినిపించింది. సాఫ్ట్‌బాల్ గ్రౌండు చుట్టూ నిలబడ్డ నాలుగైదు వందల మందికీ వినిపించినట్టే ఉంది. "అవుట్" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. సెక్టర్ 6 వైపున్న కుర్రాళ్ళు అప్పటికే సైకిళ్ళు పడేసి లోపలికి పరిగెత్తుతున్నారు.

అంపైరుగా ప్లేటు వెనక నిలబడ్డ నూకరత్నం చెయ్యి లేవలేదు. మొహానికున్న ఇనప ముసుగు ఎడం చేత్తో పైకి నెట్టి, నడుం వంచి, ఇంకో అడుగు పక్కకి వేసి బంతి కోసం వెతికింది. ఎర్ర మొరం దుమ్ము లేచి ముగ్గురినీ కప్పేసింది. ఆ దుమ్ములో రన్నరు పాదం ఇంటి ప్లేటు అంచు మీదికి జారడం కనబడింది. మోకాలి మీంచి వెనక్కి తీసుకున్న మిట్టు కనబడింది. మిట్టులో బంతి తెల్లగా ఒకసారి పైకి తేలింది, మునిగింది, మళ్ళీ తేలింది. గున్నమ్మ రెండో చెయ్యి దాన్ని మూద్దామని వచ్చేసరికి ఆలస్యమైంది. బంతి ఆ పిల్ల మణికట్టుకి కొట్టుకుని, మోచేతి దాకా పాకి, చివరికి పొట్టకీ చేతికీ మధ్య ఇరుక్కుంది.

నూకరత్నం రెండు చేతులూ అడ్డంగా చాచింది.

"సేఫ్."

అరుపు ఆగిపోయింది. ఆఖరి ఇన్నింగ్సు అది. సెక్టర్ 6 ఆడపిల్లలు అయిదు పరుగులు, ఆఫీసర్ల పిల్లల నవజ్యోతి క్లబ్బు నాలుగు. క్లబ్బు వాళ్ళు అప్పటికి ఇద్దరు అవుట్. ఇది మూడో అవుటైతే మ్యాచి అక్కడికి ముగిసిపోయేది. సేఫ్ కావడంతో ఇద్దరివీ అయిదేసి పరుగులయ్యాయి. తర్వాత వచ్చిన క్లబ్బు పిల్ల మొదటి బంతినే మూడో బేసు పక్కనించి కొట్టింది, బేసు మీదున్న ఇంకో రన్నరు ఇంటికి చేరింది. ఆరు, అయిదు. మూడు మ్యాచిల ఫైనల్లో మొదటిది క్లబ్బుకి పోయింది.

సెక్టర్ 6 టీముకి పెద్ద దిక్కు జగ్గయ్య. గున్నమ్మ తండ్రి. భిలాయి ఉక్కు కర్మాగారంలో, బొగ్గు కాల్చే కోక్ అవెన్ల దగ్గర పనిచేస్తాడు. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చినవాడు, నేరుగా ప్లేటు దగ్గరికి నడిచొచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మా ఇది? తాకినాదా, నేదా?"

"తాకింది బాబయ్యా."

"తాకితే అవుటు కాదేటి?"

"తాకితే చాలదు. తాకినాక కూడా బంతి చేతిలో నిలబడాలి. నిలబడలేదు."

"సెడుగుడులో వేలు తగిల్తే అవుటు. ఇక్కడ మోకాలు పగిలినట్టు తగిలినాది. ఊరంతా ఇన్నాది."

"ఇది చెడుగుడు కాదు బాబయ్యా."

జగ్గయ్య ఇంటికీ నూకరత్నం వాళ్ళ ఇంటికీ మధ్య రెండే క్వార్టర్లు. గున్నమ్మకి మిట్టు తొడుక్కోవడం నేర్పింది ఈ పిల్లే. జగ్గయ్య గొంతు తగ్గించి అన్నాడు. "మన పిల్లే కదమ్మా అది."

నూకరత్నం కమీజు జేబులోంచి చిన్న బ్రష్షు తీసి, వంగి, ప్లేటు మీది దుమ్ము దులిపింది. మ్యాచి అయిపోయాక ఆ పని అవసరం లేదు. పక్కనే గున్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మిట్టు తాళ్ళు విప్పుతోంది. ఆ పిల్ల తండ్రి వైపూ చూడలేదు, నూకరత్నం వైపూ చూడలేదు.

సోమవారం పొద్దున్న కుళాయి దగ్గర నూకరత్నం బిందె వరసలో మూడోది. ఇంట్లోకెళ్ళి ఇంకో బిందె పట్టుకొచ్చేసరికి మొదటి బిందె పక్కన కాలవగట్టు మీద ఉంది. ఎవరు తీశారో ఎవరూ చెప్పలేదు. వరలక్ష్మమ్మ అని, నాలుగో క్వార్టరు ఆవిడ, కుళాయి వైపు తిరిగే అంది. "సేఫ్ గా ఉంటాదని పక్కనెట్టినాం."

ఆడవాళ్ళు నవ్వారు. నూకరత్నం బిందె తీసుకెళ్ళి మళ్ళీ మూడో చోటే పెట్టి, దాని మీద చెయ్యేసి నిలబడింది. అడ్డు చెప్పడానికి ఎవరూ రాలేదు గానీ, తన వంతు వచ్చేదాకా ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు.

ఇంట్లో తల్లి అప్పయమ్మ పొయ్యి ముందు కూర్చుని, అట్ల పెనం మీద నీళ్ళు చల్లుతూ గొణుగుతోంది. "అందరం ఊరొగ్గీసి ఒక్క రైలెక్కి ఈ భిలాయి వొచ్చినోల్లం. ఆల పిల్లకి నువ్వే నేర్పితివి, నువ్వే ముంచితివి. ఆలకి ఏటి సెప్పుకోమంటావే నన్ను?"

"బంతి జారిపోయిందని చెప్పు."

"జారిపోతే నీకేటి? నువ్వు సూడనట్టు ఊరుకుంటే ఎవుడడుగుతాడు?"

"చూడ్డానికే కదా నన్ను నిలబెట్టింది."

తండ్రి సూర్యారావు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆయనా జగ్గయ్యా ఒకే అవెన్ల వరస మీద, ఒకే షిఫ్టు. తొమ్మిదేళ్ళుగా జగ్గయ్య వీళ్ళ ఇంటి ముందు సైకిలు ఆపి రెండు సార్లు బెల్లు కొడితే సూర్యారావు బయటికి వెళ్ళేవాడు. ఇవాళ ఆ సైకిలు ఆగకుండా పోయింది. అది వెళ్ళడం ముగ్గురూ కిటికీలోంచి చూశారు.

సూర్యారావు బూటు తాడు ముడివేసి లేచాడు. "ఒలే అమ్మీ, నీకు కనబడ్డదే సెప్పినావు గదా?"

"కనబడ్డదే నాన్నా."

"ఐతే నానింకేటీ అడగను." టిఫిను డబ్బా సైకిలు హేండిలుకి తగిలించుకుని, రోడ్డు నిండా ఒకే వైపు పారుతున్న సైకిళ్ళలో ఒక్కడే కలిసిపోయాడు.

ఆ సాయంత్రం క్రీడా కమిటీ కూర్చుంది. ఆదివారం మ్యాచి మీద జగ్గయ్య ఇచ్చిన అభ్యంతరం కాయితం బల్ల మీద ఉంది. బల్ల అవతల కమిటీ అధ్యక్షుడు పార్థసారథి. ప్లాంటులో పెద్ద ఇంజినీరు, నెల్లూరు వైపు మనిషి, మాట్లాడితే పుస్తకం చదివినట్టుంటుంది. నవజ్యోతి క్లబ్బు తరఫున ప్లేటు వెనక బంతి పట్టే కేచరు వసుంధర ఆయన కూతురే. పక్కన గణపతిరావు. ఊళ్ళో అంపైర్లందరికీ పెద్ద. మోకాళ్ళ నొప్పుల వల్ల ప్లేటు వెనక వంగలేక, ఆడపిల్లల మ్యాచిలకి ఆ చోటు నూకరత్నానికి వదిలి, తను బేసుల దగ్గర నిలబడుతున్నాడు.

"కూర్చోండి," అన్నాడు పార్థసారథి.

నూకరత్నం ఆ గదిలోకి చాలాసార్లు వచ్చింది. కూర్చోవడం మొదటిసారి. ఆయనే టీ కప్పు ఆమె వైపు జరిపాడు.

"మీ సెక్టరు, మీ వీధి, మీరు నేర్పిన అమ్మాయి. అయినా రూలు రూలే అన్నారు. ఇలాంటి అంపైరింగు నేను మద్రాసులో కూడా చూడలేదు. జగ్గయ్యా, మీ అభ్యంతరం చెల్లదు."

గోడవారన నిలబడ్డ జగ్గయ్య ఏదో అనబోయి, టోపీ చేతుల్లో నలిపి బయటికి వెళ్ళిపోయాడు. పార్థసారథి కమిటీ నిర్ణయాలు రాసే మినిట్స్ బుక్కు తెరిచి, కలం క్యాపు తీసి, ఆ తీర్పు నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో రాశాడు. రాసింది కింద సంతకం పెట్టి గణపతిరావు చేత కూడా పెట్టించాడు.

నూకరత్నం లేచి వస్తుంటే ఆయన తలుపు దాకా వచ్చాడు. "ప్లాంటు స్కూల్లో మీది టెంపరరీ పోస్టు కదూ? మార్చిలో ఖాయం చేసే కాయితం నా టేబులు మీదికే వస్తుంది. మీలాంటి వాళ్ళు కావాలి మాకు."

ఆ మాట ఆమెకి తియ్యగానే ఉంది. కాదనుకుంటే అబద్ధం. సెక్టర్ 6 దాకా నడుస్తూ నాలుగైదు సార్లు తలుచుకుంది. కానీ ప్రతిసారీ ఆ మాట చివర ఏదో గుచ్చుకుంది. ఆదివారం మ్యాచిలో ఆ ఒక్కటే కాదు, క్లబ్బు వాళ్ళకి వ్యతిరేకంగా కూడా నాలుగు నిర్ణయాలు చెప్పింది. వాటి గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు.

బుధవారం రెండో మ్యాచి. నూకరత్నం మధ్యాహ్నమే వెళ్ళి సున్నంతో గీతలు దిద్దుకుంది. తల్లి పాత బొంతలోంచి కుట్టి ఇచ్చిన దూది కవచం ఛాతీకి కట్టుకుంది. వేసిన బంతులు లెక్క పెట్టుకునే గిలకలూ అవీ ఆ రోజుల్లో భిలాయిలో ఎవరి దగ్గరా లేవు. కుడి జేబులో చింతపిక్కలు వేసుకుని, మంచి బంతికి ఒకటి, చెడ్డ బంతికి ఒకటి చొప్పున ఎడమ జేబు రెండు అరల్లోకి మార్చుకుంటూ ఉండేది.

ఆమె ప్రతి మాటకీ తన సెక్టరు వాళ్ళే వెనకనించి ఈలలు వేశారు. "క్లబ్బు కోడలు" అన్నాడు ఎవడో. నూకరత్నం తల తిప్పలేదు. తిప్పితే తర్వాతి బంతి తప్పిపోతుంది. ఆ రోజు అనుమానం పడాల్సిన ఆట ఏదీ రాలేదు. సెక్టర్ 6 ఏడు, రెండుతో గెలిచింది. మామూలుగా ఇన్నింగ్సు ఇన్నింగ్సుకీ "దీదీ, పానీ" అంటూ నీళ్ళ కోసం వెనక్కి చెయ్యి చాచే గున్నమ్మ, ఆ రోజు ఏడు ఇన్నింగ్సులూ ఆమెకి మూరెడు ముందు కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ పిల్ల మెడ మీద చెమట, దాని మీద మొరం, అలాగే ఎండి గట్టిపడింది.

ఇక శనివారం మిగిలింది.

శనివారం గ్రౌండులో చోటు లేదు. షామియానా కింద ముందు వరసలో ఆఫీసర్లు, వాళ్ళ ఆడవాళ్ళు. బల్ల మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద కప్పు. ఎండ దిగి, కోక్ అవెన్ల వైపునించి ఘాటు వాసన గాలితో వస్తోంది.

ఆరు ఇన్నింగ్సులు అయ్యేసరికి మూడు, మూడు. ఏడో దాంట్లో ఆఖరి వాటా సెక్టర్ 6 ది. ఇద్దరు అవుటయ్యారు. రెండో బేసు మీద నూకమ్మ అనే సన్నటి పిల్ల ఉంది. బ్యాటు పట్టుకున్న పిల్ల కుడివైపుకి లోతుగా కొట్టింది. నూకమ్మ మూడో బేసు తొక్కి, ఆపమని చెయ్యెత్తిన వాళ్ళని చూడకుండా, ఇంటి ప్లేటుకి పరిగెత్తింది.

బంతి కుడివైపునించి వస్తోంది. నూకరత్నం ముసుగు లాగి దూరంగా విసిరేసి, గీత దాటి ఎడం పక్కకి వచ్చి, కేచరు మిట్టూ రన్నరు ఒళ్ళూ రెండూ ఒకే చూపులో పడే చోట నిలబడింది. వసుంధర మంచి కేచరు. బంతిని ఒంటి ముందరికి తీసుకుని, దారికి అడ్డంగా మోకాలు వేసి, జారుతూ వచ్చిన నూకమ్మ భుజం మీద మిట్టు గట్టిగా మోపింది. ఆ తాకుడుకి నూకమ్మ తల వెనక్కి వాలింది.

ఎవరూ చూడని దాని కోసం నూకరత్నం చూసింది. వసుంధర మిట్టు తెరుచుకునే ఉంది. బంతి అందులో లేదు. మిట్టు వెనక, కవచానికి ఆనుకుని ఉంది. కిందికి జారుతోంది. కవచం అంచు దాటి తొడ మీదికి దిగింది. వసుంధర రెండు తొడలూ దగ్గరికి నొక్కి అక్కడ ఆపింది. అప్పటికి నూకమ్మ మడమ ప్లేటు మీద ఉంది. ఆ పిల్ల చేతులు రెండూ తల వెనక మట్టిలో ఉన్నాయి.

నూకరత్నం ఊపిరి ఒకసారి పీల్చి వదిలేంతసేపు ఆగింది. వసుంధర తన తొడల మధ్యనించి బంతి తీసి మిట్టులో పెట్టుకుని పైకెత్తి చూపించింది.

"సేఫ్," అంది నూకరత్నం, చేతులు చాచి.

నాలుగు, మూడు. ఈలలు వేసిన నోళ్ళే ఇప్పుడు ఆమె పేరు పట్టుకుని అరిచాయి. షామియానా కిందనించి పార్థసారథి లేచాడు. తొందరేమీ లేకుండా, చెప్పులకి సున్నం అంటకుండా గీతలు దాటుకుంటూ వచ్చాడు.

"మిస్ నూకరత్నం, ఒకసారి గణపతిరావుని సంప్రదించండి. ఆయన కోణం వేరు."

"సంప్రదించడానికి నాకు అనుమానం లేదు సార్."

"సంప్రదిస్తే తప్పు లేదుగా?"

"అనుమానం ఉంటే నేనే అడిగేదాన్ని. ఆయన అరవై అడుగుల దూరంలో ఉన్నారు."

గణపతిరావు మొదటి బేసు దగ్గరే నిలబడి, కాలితో మట్టి సర్దుతున్నాడు.

పార్థసారథి చుట్టూ ఉన్న జనాన్ని చూసి గొంతు పెంచకుండా అన్నాడు. "రేపు పది గంటలకి కమిటీ కూర్చుంటుంది. అంతదాకా కప్పు ఇవ్వడం లేదు."

కప్పుని ఎర్ర గుడ్డతోనే చుట్టి జీపులో పెట్టి తీసుకుపోయారు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర వరలక్ష్మమ్మ తన బిందె పక్కకి తీసి నూకరత్నానికి చోటిచ్చింది. "ముందు నువ్వు పట్టుకోవే తల్లీ. మన పిల్లవి అనిపించుకున్నావు." నూకరత్నం కదలకుండా తన వరసలోనే నిలబడింది. సోమవారం వాళ్ళు నవ్వినప్పటి కంటే ఇప్పుడు ఆమె చెవులు ఎక్కువ వేడెక్కాయి.

ఆదివారం పది గంటలకి బల్ల మీద టైపు చేసిన కాయితం ఒకటి సిద్ధంగా ఉంది. అవే కుర్చీలు. పార్థసారథి, గణపతిరావు, ఇంకో ఇద్దరు సభ్యులు. ఈసారి జగ్గయ్య కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ ఎవరికీ రాలేదు.

"ముందే చెబుతున్నాను," అన్నాడు పార్థసారథి. "నేను తండ్రిగా మాట్లాడడం లేదు. నిన్న విపరీతమైన దుమ్ము. పొద్దు వాలింది. అలాంటప్పుడు ఎవరికైనా పొరపాటు సహజం. మీ మీద మచ్చ పడకుండా రాయించాను. చదివి సంతకం పెట్టండి. మ్యాచి మళ్ళీ ఆడిద్దాం."

నూకరత్నం కాయితం తీసుకుని చదివింది. దుమ్ము వల్ల తనకి ఆట స్పష్టంగా కనబడలేదనీ, మ్యాచి తిరిగి ఆడించడానికి తనకి అభ్యంతరం లేదనీ ఉంది. చదివిన కాయితాన్ని తిప్పి, అక్షరాలు ఆయన వైపు ఉండేలా బల్ల మీద పెట్టింది.

"దుమ్ము ఉంది సార్. కనబడింది కూడా."

"ఏం కనబడింది?"

"మిట్టు తాకింది. బంతి మిట్టులో లేదు. కవచానికి ఆని ఉండి, తొడ మీదికి జారింది."

"రన్నరు చేత్తో కొట్టి జారవేసి ఉండొచ్చు. కావాలని కొడితే అవుటే. అదీ రూలే." ఆయన పుస్తకం చూసే వచ్చాడు.

"రన్నరు చేతులు రెండూ తల వెనక మట్టిలో ఉన్నాయి. అమ్మాయిగారిని అడగండి. కొట్టిందని చెబితే ఆ మాట ఇక్కడ చెప్పించండి."

పార్థసారథి కలం క్యాపు తీశాడు, పెట్టాడు. ఆయన కూతుర్ని ముందే అడిగి ఉంటాడని నూకరత్నానికి అర్థమైంది. ఆ పిల్ల ఏం చెప్పి ఉంటుందో కూడా అర్థమైంది.

సభ్యుల్లో ఒకాయన అందుకున్నాడు. "ఎందుకమ్మా పంతం? తాకడం అందరం చూశాం. అంత గట్టిగా తాకాక బంతి ఎక్కడుంటే ఏమిటి?"

"ఆ మాట సోమవారం ఎందుకు అనలేదండీ?"

నూకరత్నం గణపతిరావు వైపు తిరిగింది. "మాస్టారూ, సోమవారం రాసిన పేజీ చదవండి."

గణపతిరావు పార్థసారథి మొహం చూశాడు. అక్కడ అవుననీ లేదు, కాదనీ లేదు. ముసలాయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మినిట్స్ బుక్కు తనవైపు లాక్కున్నాడు. పేజీ దొరకడానికి కావలసిన దాని కంటే ఎక్కువసేపే పట్టింది. చదవడం మొదలెట్టాక మాత్రం గొంతు తడబడలేదు. రన్నరుని తాకిన తర్వాత బంతి ఫీల్డరు స్వాధీనంలో నిలవకపోతే, తాకుడు ఎంత బలంగా ఉన్నా రన్నరు అవుటు కాదు. అంపైరు చూసిందే చివరి మాట. దాని మీద అప్పీలు లేదు. కింద పార్థసారథి సంతకం. ఆ కింద తన సంతకం. తన పేరు కూడా పైకి చదివి, పుస్తకం మూసేశాడు.

"ఇప్పుడు మీరే తేల్చండి సార్," అంది నూకరత్నం. "నిన్నటిది సేఫ్ అంటే నిన్న సెక్టర్ 6 గెలిచింది. కప్పు వాళ్ళది. కాదు, తాకితే చాలు, నిన్నటిది అవుటే అంటారా, అప్పుడు పోయిన ఆదివారం గున్నమ్మ తాకిందీ అవుటే. అది మూడో అవుటు. అక్కడే సెక్టర్ 6 గెలిచిపోయింది. బుధవారం ఎలాగూ గెలిచారు. నిన్నటి మ్యాచే అక్కర్లేదు. అప్పుడూ కప్పు వాళ్ళదే."

జగ్గయ్య ఒక్క ఉదుటున లేచాడు. "అద్గదీ. అలగైతే ఆదివారంది మాకిచ్చీండి బాబూ. అవుటే అది. నాను ఆయేలే సెప్పినాను."

"ఆదివారంది మీది కాదు బాబయ్యా," అంది నూకరత్నం. గొంతు పెంచలేదు గానీ ఆ మాటకి జగ్గయ్య నోరు తెరుచుకునే ఉండిపోయింది. "ఆ రోజూ బంతి చేతిలో లేదు. కూచోండి."

జగ్గయ్య కూర్చున్నాడు.

"నేను కప్పు ఎవరికివ్వాలో చెప్పడానికి రాలేదు సార్. ఈ కాయితం మీద సంతకం పెట్టను. ఆదివారం ఏం చూసి చెప్పానో, నిన్నా అదే చూసి చెప్పాను. అది చెరిపితే ఇదీ చెరపాలి. పెన్ను మీ చేతిలో ఉంది."

పార్థసారథి కిటికీలోంచి చూశాడు. చిమ్నీల మీద పొగ వంగి రాయపూరు వైపు సాగుతోంది. తర్వాత టైపు కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

"గణపతిరావ్, కప్పు వాళ్ళకి ఇప్పించేయండి."

లేచి, నూకరత్నం పక్కనించి వెళుతూ ఆగాడు. "మార్చిలో కాయితం నా టేబులు మీదికే వస్తుందని చెప్పినట్టున్నాను."

"గుర్తుంది సార్. మార్చి సంగతి మార్చిలో చూసుకోండి. ఇవాళ్టిది ఇవాళ అయిపోయింది."

ఆయన అడుగుల చప్పుడు వరండా చివర ఆగిపోయాక గణపతిరావు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నిన్న నువ్వు నన్ను అడగనందుకు రాత్రంతా సంతోషించాను," అన్నాడు. "అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో నాకే తెలీదు." ఆమె జవాబు కోసం చూడకుండా కర్ర తీసుకుని కుంటుతూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి సెక్టర్ 6 లో తప్పెట మోగింది. కప్పుని ఒక సైకిలు వెనక కట్టి వీధి వీధీ తిప్పుతున్నారు. ఊరేగింపు సూర్యారావు క్వార్టరు ముందుకి వచ్చి ఆగింది. జగ్గయ్య వేడి జిలేబీల పొట్లం పట్టుకుని గుమ్మం ఎక్కాడు. వెనక గున్నమ్మ, తలదువ్వుకుని, కొత్త రిబ్బను కట్టుకుని ఉంది. సూర్యారావు కుర్చీ చూపించాడు. జగ్గయ్య కూర్చోలేదు.

"అమ్మీ, నీ మనసు మన పక్కనే ఉన్నాదని నాకు నిన్ననే తెలిసినాది. ఆదివారం ఏదో జరిగిపోనాది. పోనీ. నోరు తీపి సెయ్యి."

నూకరత్నం చెయ్యి చాచలేదు.

"నా మనసు మీ పక్కన లేదు బాబయ్యా. నిన్న మీకు నేనేమీ ఇవ్వలేదు, ఆదివారం ఏమీ లాక్కోలేదు. ఆదివారం నేను చెప్పింది సరే అనండి, తింటాను. లేకపోతే పట్టుకెళ్ళండి."

"ఒలే," అంది అప్పయమ్మ లోపలినించి. "ఇంటికొచ్చినోడితో అయ్యేటి మాటలే?"

"ఉండనీ," అన్నాడు సూర్యారావు.

జగ్గయ్య మొహం గట్టిపడింది. పొట్లం నూనె ఆయన వేళ్ళకి అంటుతోంది. బయట తప్పెట వాయిస్తూనే ఉన్నారు. "గెలిసినాక కూడా ఓడిపోనామని ఒప్పుకోమంటావేటి? వందమంది సూసినారు అది తాకడం. నానొప్పుకోను."

"బాల్ నా మిట్టులో ఆగనేదు."

ముగ్గురూ గున్నమ్మ వైపు తిరిగారు. ఆ పిల్ల గుమ్మం చెక్క పట్టుకుని నిలబడింది. మొహం ఎర్రబడింది గానీ చూపు దించలేదు.

"సచ్ చెప్తున్నా నాన్నా. ఆదివారం. మోకాలికి తాకినప్పుడే కదిలిపోనాది. చేత్తో ముయ్యబోయాను, దొరకనేదు. పొట్ట కాడ పట్టీసినాను. నాకు అప్పుడే తెలుసు."

"అప్పుడే తెలుసా?" జగ్గయ్య గొంతు దిగిపోయింది. "మరి వారం దినాలు నాకు సెప్పనేదేటే?"

"నువ్వు అడిగావా? దీదీని అడిగావు, కమిటీని అడిగావు, అందరినీ తిట్టావు. బాల్ పట్టినది నేను. నన్ను అడగనేదు." ఆ పిల్ల నూకరత్నం వైపు తిరిగింది. "బుధవారం చెబుదామనుకున్నా దీదీ. వెనక్కి తిరగడానికి సిగ్గేసింది."

నూకరత్నం ఆ పిల్ల వైపు చూసి తల ఒకసారి ఊపింది.

జగ్గయ్య పొట్లం కుర్చీలో పెట్టాడు. వేళ్ళు ఖాకీ లాగుకి తుడుచుకున్నాడు. ఇంకేదో అంటాడని అందరూ చూశారు గానీ ఆయన వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. సైకిలు దగ్గరికెళ్ళి, తప్పెట కొడుతున్న వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. వీధిలో చప్పుడు పోయింది. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా బిందెలు వదిలి ఇటు చూశారు.

"ఇనండి," అన్నాడు జగ్గయ్య. అవెన్ల మీద మంట హోరులో అరిచే మనిషి, ఇప్పుడు మాట పైకి రావడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "కప్పు మనం గెలిసినాం. బుధవారం గెలిసినాం, నిన్న గెలిసినాం. మొన్న ఆదివారం మాత్రం ఓడిపోనాం. సక్రంగానే ఓడిపోనాం. ఆ నూకరత్నం గుంట సెప్పినదే నిజం. నాను అన్న మాటలు తప్పు. మీరు అన్నయీ తప్పే."

వరలక్ష్మమ్మ కొంగు సర్దుకుంటూ కుళాయి వైపు తిరిగింది. జగ్గయ్య తప్పెటవాడి చెయ్యి వదిలేశాడు. వాడు ఒక్క క్షణం ఎటూ తోచక నిలబడి, ఆ తర్వాత ఇందాకటి కంటే గట్టిగా మొదలెట్టాడు. సైకిలు కదిలింది. గున్నమ్మ పరిగెత్తుకెళ్ళి కప్పు పడిపోకుండా ఒక చెయ్యేసి పట్టుకుంది.

అప్పయమ్మ పళ్ళెం తెచ్చి జిలేబీలు అందులో సర్దింది. సూర్యారావు ఒకటి తీసుకుని గుమ్మంలో నిలబడి తింటున్నాడు. అప్పయమ్మ కూతురి పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా అడిగింది. "మరి మార్చిలో ఏటవుతాదే?"

"ఏదవుతే అదవుతుంది," అంది నూకరత్నం. పళ్ళెం తల్లి వైపు జరిపింది. "వేడి మీదున్నాయి. తిను."